మా కరపత్రాల పెట్టె

సేకరణ ఒక విద్య అని కొందరంటారు, వ్యసనమని మరికొందరంటారు. తపాలా బిళ్లలను, పాత నాణెములను పోగుచేసే మిత్రులు మన కళాశాలలోనే పలువురున్నారు. వారి ఆల్బములను చూచినవారు మెచ్చుకొంటారు. వాటికి అంగడిలో ధర కూడ పలుకుతుంది. మేము పోగుచేసే వస్తువులకు అటువంటి అదృష్టం లేదు. అవి పద్యనాటకాల కరపత్రాలు, గోడపత్రికలు, చెమ్మ పట్టిన క్యాసెట్టులు. అందునా చాలవరకు ఒకే ఒక నటగాయకునికి సంబంధించినవి. ఆమదాలవలసలో మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టెలో ఇవి ఉంటాయి. ఏటా వానాకాలం వెళ్లగానే వాటిని క్రిందికి దించి, నీడపట్టున ఆరబెట్టి, వేపాకు మార్చి, తిరిగి సర్దుతాము. ఆ రోజు మా ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు.

"ఈ కాగితాల వల్ల ఎవరికేమి లాభమండీ?" అని మా శ్రీమతి ఏటా అడుగుతుంది. ఏటా మేము ఏదో ఒకటి చెప్పి తప్పించుకొంటాము. అసలు సమాధానం చెప్పాలంటే ఒక అపరాధాన్ని ఒప్పుకోవలసి ఉంటుంది. ఆ పని ఈ వ్యాసంలో చేయదలచాము.

మా పెట్టె నిండా ఉన్న పేరు పీసపాటి నరసింహమూర్తి గారిది. పెద్దలకు ఈ పేరును పరిచయం చేయనక్కర లేదు. విద్యార్థుల కొరకు రెండు మాటలు. వీరు 1920లో వంతరాం గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేటి పార్వతీపురం మన్యం జిల్లా బలిజిపేట మండలంలో ఉంది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు 1864లో పుట్టిన అజ్జాడ కూడ ఆ మండలంలోనిదే. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చిన ఆ మహానుభావుని ఊరికి, తెలుగునాట కృష్ణపాత్ర అనగానే స్ఫురించే పీసపాటి వారి ఊరికి ఒకటే నేల కావడం మా ఉత్తరాంధ్రకు గర్వకారణం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పీసపాటి వారు ఎన్ని వందల రాత్రులు కృష్ణుడై నిలిచారో లెక్క కట్టడం కష్టం. 2007 సెప్టెంబరు 28న ఆయన కన్నుమూశారు.

పాశ్చాత్యులకు ఒపేరా ఎటువంటిదో మన తెలుగువారికి పద్యనాటకం అటువంటిదని చెప్పవచ్చును. అక్కడ పెద్ద వాద్యబృందం ఉంటుంది. ఇక్కడ ఒక హార్మోనియం, ఒక తబలా. అక్కడ కథ అంతా గానమే. ఇక్కడ నడుమనడుమ వచనముంటుంది. అయినా ప్రేక్షకుడు వచ్చేది రెండు చోట్లా గొంతు కొరకే. కథ అతనికి ముందే తెలుసు. దుర్యోధనుడు సంధికి ఒప్పుకోడని తెలిసి కూడ, ఈ రాత్రి ఈ కృష్ణుడు ఆ మాట ఎట్లా అడుగుతాడో వినడానికి జనం ఐదు మైళ్లు నడచి వచ్చేవారు. కంట్రాక్టు నాటకాల్లోనైతే ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు. షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడు గొప్పా, పీసపాటి వారి కృష్ణుడు గొప్పా అని తెల్లవారిన తరువాత టీ దుకాణాల్లో వాదోపవాదాలు జరిగేవట. పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని కేకలు వేసేవారు. ఆ ఆంగ్లపదాన్ని అక్షరం రాని పల్లెవాడు కూడ ఎరుగును.

గాయకుని గుర్తులను దాచిపెట్టే అలవాటు ఆ దేశాల్లో చిరకాలంగా ఉంది. ఇటలీకి చెందిన ఎన్రికో కరూసో 1902 ఏప్రిల్‌లో మిలాన్ నగరంలో ఒక హోటలు గదిలో పది పాటలను గ్రామఫోను కంపెనీ వారికి నూరు పౌనుల పారితోషికానికి పాడి ఇచ్చాడు. ఆ పలకలను సేకరించేవారు నేటికీ ఉన్నారు. ఆ నగరంలోని లా స్కాలా నాటకశాలకు 1913 నుండి సొంత ప్రదర్శనశాల ఉంది. అదే 1902వ సంవత్సరం నవంబరులో మన కలకత్తాలో గౌహర్ జాన్ పాడింది. పాట చివర తన పేరు తానే చెప్పుకొన్నది. రికార్డు అచ్చు వేసే దూరదేశపు పనివారికి ఆ గొంతు ఎవరిదో తెలియాలి గదా! పీసపాటి వారికి ప్రదర్శనశాలగా మాకు మొట్టమొదట దొరికినది మాత్రం ఒక కుట్టు మిషను సొరుగు.

ఆ సొరుగు మా నాన్నగారిది. రైలు దిగే ప్రయాణికునికి మా ఊరు ఆమదాలవలసగా గాక శ్రీకాకుళం రోడ్డుగా పరిచయమవుతుంది. స్టేషను పలక మీద ఆ పేరే ఉంటుంది. ఆ స్టేషనుకు పోయే దారిలో మా నాన్నగారు దర్జీ దుకాణం నడిపేవారు. కృష్ణా గుంటూరు జిల్లాల నుండి నాటక సమాజాల వారు ట్రంకు పెట్టెలతో, హార్మోనియంతో ఆ దారినే దిగి, చుట్టుపట్ల ఊళ్ల సంబరాలకు పోయేవారు. చినిగిన జరీ అంచులను, ఊడిన గుండీలను బండి కదిలేలోపున కుట్టి ఇవ్వడం మా నాన్నగారి పని. కూలి పుచ్చుకొన్నా పుచ్చుకోకపోయినా ఒక గుప్పెడు కరపత్రాలు మాత్రం అడిగి తీసికొనేవారు.

ఎందుకంటే వాటి వెనుకవైపు తెల్లగా ఉంటుంది. దానిపైన గిరాకీల కొలతలు వ్రాసికోవచ్చును. ఛాతీ ముప్పైయారు, పొడుగు ఇరవై తొమ్మిది, చేయి ఇరవై మూడు, బట్ట రెండున్నర గజాలు, బకాయి నాలుగు రూపాయలు. ఇదీ మా సేకరణలోని తొలి పదకొండు కరపత్రాల వెనుకటి వ్రాత. ముందువైపు సభాసదులకు ఆహ్వానం, నటుల పేర్లు, శంఖచక్రాల బొమ్మ. ఒకదాని వెనుక మా తాతగారి ఆఖరి షేర్వాణీ కొలతలున్నాయి. అందుచేత వీటిని మేము ఆల్బములో అతికించలేదు. ఏ వైపు అతికించినా మరొక వైపు పోతుంది.

ఇక మా అపరాధం సంగతి.

1986 ప్రాంతంలో మా ఊరికి దగ్గరి పల్లెలో గ్రామదేవత సంబరానికి పాండవోద్యోగం ఆడారు. మా నాన్నగారు ఒక మిత్రుని టేపురికార్డరు ఎరువు తెచ్చుకొని, వేదిక ప్రక్కన మట్టిలో కూర్చుండి, రాయబారం ఘట్టాన్ని ఎక్కించారు. తొంబై నిమిషాల క్యాసెట్టు అది. ఒక్కొక్క వైపు నలభై ఐదు నిమిషాలు. దానిలో పీసపాటి వారి పద్యాలున్నాయి. పద్యానికీ పద్యానికీ నడుమ చదివింపుల పిలుపులున్నాయి. "ఫలానా ఊరి ఫలానా వారు ఐదు రూపాయలు చదివించారు" అని మైకులో పేర్లు చదివేవారు. ప్రతి ఆదివారం సాయంత్రం మా నాన్నగారు దుకాణం కట్టివేసి, ఆ క్యాసెట్టు పెట్టుకొని, మరునాటి పనికి గుండీలు ఏరుకొంటూ కూర్చునేవారు. మా చిన్నతనమంతా ఆ గొంతు మా ఇంట్లో ఉన్నది. ఆయన రాగాన్ని సాగదీసేవారు కాదు. ప్రతి మాటనూ విడివిడిగా, ఎదుటివానికి అప్పజెప్పుతున్నట్లు పలికేవారు. "ఆయన పద్యం పాడడు, మాట్లాడతాడు" అని మా నాన్నగారు అనేవారు. ఆ మాటకు అర్థం మాకు అప్పుడు తెలియలేదు.

2000వ సంవత్సరంలో మాకు పదకొండేళ్లు. విశాఖపట్నం రేడియోలో ఒక మధ్యాహ్నం కొత్త సినిమా పాటలు వస్తున్నాయి. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. క్యాసెట్టు వీపున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. వాటిని విరిచివేస్తే దానిపై మళ్లీ ఏదీ ఎక్కదు. మా నాన్నగారికి ఆ సంగతి తెలియదు; ఆ రేకులు రెండూ అట్లాగే ఉన్నాయి. మేము మీట నొక్కాము. యంత్రంలోని మొదటి అయస్కాంతం పాతదాన్ని తుడిచివేస్తుంది, రెండవది క్రొత్తదాన్ని వ్రాస్తుంది. రెండు వైపులా నిండేదాకా పాటలు ఎక్కించాము.

ఆదివారం సాయంత్రం మా నాన్నగారు క్యాసెట్టు పెట్టారు. పాట వచ్చింది. త్రిప్పి పెట్టారు. అటు కూడ పాట వచ్చింది. కాసేపు విని, మావైపు చూచి, "బాగానే ఎక్కాయి బేటా, శబ్దం శుభ్రంగా ఉంది" అన్నారు. అంతకంటె ఒక్క మాట లేదు. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే మేము ఈపాటికి మరచిపోయి ఉండేవాళ్లము. ఆ తరువాత ఆదివారాలు ఆయన గుండీలు ఏరుకొంటూ ఊరకే కూర్చునేవారు.

పీసపాటి వారు పోయిన వార్త పత్రికలో వచ్చిన నాడు మేము కళాశాల విద్యార్థులము. మా నాన్నగారు ఆ పత్రికను మడిచి మిషను సొరుగులో పెట్టారు. అది చూచిన తరువాత మాకు ఒక సంగతి స్పష్టమైంది. అంతవరకు ఎప్పుడో ఒకనాడు మరల ఎక్కించవచ్చును గదా అని మనసులో ఒక మూల అనుకొంటూ ఉన్నాము. ఇక ఆ అవకాశం లేదు. ఆ వారమే మేము ఆ సొరుగులోని పదకొండు కరపత్రాలు అడిగి తీసికొన్నాము. సేకరణ అట్లా మొదలైంది.

విశాఖలో ఎం.ఏ. చదివే రోజుల్లో పాత పుస్తకాల దుకాణాలన్నీ గాలించాము. ఉద్యోగంలో చేరిన తరువాత సెలవులన్నీ పాలకొండ రోడ్డు వెంట ఉన్న పల్లెల్లో గడిపాము. ఇప్పుడు మా పెట్టెలో అరవై మూడు కరపత్రాలు, తొమ్మిది గోడపత్రికలు, పద్నాలుగు క్యాసెట్టులు, పూర్వపు గాయకులు పాడిన పాండవోద్యోగ పద్యాల గ్రామఫోను రికార్డులు నాలుగు ఉన్నాయి. ఆ రికార్డు ఒక వైపున మూడు నిమిషాలు మించి పట్టదు. వేదిక మీద వన్స్ మోర్‌తో పావుగంట నడిచే పద్యం అందులో ఎంత ఊపిరి బిగబట్టుకొని కూర్చుందో వింటేనే తెలుస్తుంది.

విద్యార్థులకు ఉపయోగిస్తుందని ఒక విషయం చెబుతాము. కరపత్రం మీద తేది ఉంటుంది, వారం ఉంటుంది, పండుగ గనుక తిథి ఉంటుంది. సంవత్సరం మాత్రం తరచుగా ఉండదు. రేపటి నాటకానికి ఈ ఏడు ఏదో చెప్పవలసిన పని ఎవరికుంది? అట్టి దానికి కాలనిర్ణయం చేయడం ఎట్లా? ఒకే తేదికి ఒకే వారం ఐదు, ఆరు, పదకొండేళ్లకొకసారి తిరిగి వస్తుంది. అదే తేదికి అదే తిథి మాత్రం సాధారణంగా పందొమ్మిదేళ్లకు గాని కుదరదు. ఈ రెండింటినీ పాత పంచాంగాలతో సరిచూస్తే సంవత్సరం చాలవరకు తేలిపోతుంది. ఇక అడుగున ముద్రణాలయం పేరు, ఊరు ఉంటాయి. అచ్చువేసినవాడు తన పేరు వేయాలని 1867 నాటి చట్టం ఆదేశించింది. ఆ ఒక్క పంక్తి వల్ల నాటకం ఏ ప్రాంతంలో జరిగిందో ఊహించవచ్చును. ఈ విధంగా నలభై కరపత్రాలకు మేము సంవత్సరాలు కట్టగలిగాము.

ఒక విద్యార్థి ఒకసారి, "మాస్టారూ, మీరు కృష్ణవేషం బొమ్మలు దాచుకోవడమేమిటి?" అని అమాయకంగా అడిగాడు. మేము అతనికి పిఠాపురపు ఉమర్ ఆలీషా కవిగారు వ్రాసిన 'మహాభారత కౌరవరంగము' అనే నాటకం పేరు చెప్పి, గ్రంథాలయంలో వెదకమన్నాము. బుర్రకథకు పద్మశ్రీ తెచ్చిన షేక్ నాజర్ గారి ఆత్మకథ 'పింజారి' కూడ చదవమన్నాము. రెండు వారాల తరువాత ఆ పిల్లవాడే మాకు వాళ్ల ముత్తాత దాచిన ఒక నాటకం టిక్కెట్టు తెచ్చి ఇచ్చాడు. నేల తరగతి, అర్ధరూపాయి.

సేకరించేవానికి ఒక అహంకారం పుడుతుంది. మాకూ పుట్టింది. దాన్ని మొదట దెబ్బతీసినవాడు ఒక వృద్ధ హార్మోనిస్టు. ఆయన ఇంట్లో కరపత్రాలున్నాయని తెలిసి వెళ్లాము. చూపు మందగించింది, వ్రేళ్లు వణకుతున్నాయి. అడిగినదే తడవుగా దూలం మీది కట్ట దించి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. మేము కాగితాలను లెక్కపెట్టి, తేదీలు చూచి, సంచీలో సర్దుకొని లేచాము. ఆయన నవ్వి, "కాయితాలు పట్టుకెల్తన్నావు గానీ బావూ, పద్యం అక్కర్లేదేటి నీకు?" అన్నాడు. బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాము. మరుసటి ఏడు వెళ్లేసరికి ఆయన లేడు. ఆయన ఇచ్చిన పద్దెనిమిది కరపత్రాలు మా పెట్టెలో భద్రంగా ఉన్నాయి.

రెండేళ్ల క్రితం ఒక పాత మైకుసెట్టు యజమాని దగ్గర, వైర్ల గుట్టలో, "రాయబారం" అని చీటీ అంటించిన క్యాసెట్టు దొరికింది. ఆ కాలంలో మైకుసెట్ల వారు నాటకాలను తమ కొరకు ఎక్కించుకొనేవారు. బూజు తుడిచి, చుట్టు వదులైన టేపును పెన్సిలుతో బిగించి, నెమ్మదిగా ఫోనులోకి మార్చుకొన్నాము. గొంతు పీసపాటి వారిదే, సందేహం లేదు. సంబరం కూడ మా ప్రాంతంలోదే. చదివింపుల్లో మేమెరిగిన ఊళ్ల పేర్లు వినిపించాయి. ఇరవై నాలుగేళ్ల ఋణం ఆ రాత్రితో తీరుతుందని అనుకొన్నాము.

మా నాన్నగారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. కుడిచెవి సరిగా వినబడదు. ఎడమచెవి వైపు ఫోను పెట్టి, "అబ్బా, వినండి" అన్నాము. ఆయన కండ్లు మూసికొని మొదటినుండి చివరిదాకా విన్నారు. మేము ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాము.

"ఆయనే. బాగుంది. కాని ఇది ఆ రాత్రిది కాదు బేటా" అన్నారు. "ఆ రాత్రి వాన పడింది."

మాకు తెలియని సంగతి అది. మా చిన్నతనంలో ఆ క్యాసెట్టులో వినిపించే చిటపటలను మేము టేపు చప్పుడనుకొన్నాము. అది పందిరి తాటాకు మీద పడిన వాన. జనం లేవలేదట, గోనెసంచులు తలమీద వేసికొని కూర్చున్నారట. దీపాలు ఒకసారి ఆరిపోతే ఆయన ఆగలేదట. చీకట్లోనే పద్యం పూర్తిచేశారట. ఇదంతా చెబుతూ చెబుతూ మా నాన్నగారు ఆ పద్యం అందుకొన్నారు. ఆయన గాయకుడు కాడు. శ్రుతి లేదు, ఊపిరి చాలదు. కాని ప్రతి మాటా విడివిడిగా, ఎదుటివానికి అప్పజెప్పుతున్నట్లు పలికారు. చివరి పాదం కాగానే ఒక క్షణం ఆగారు. చేయి ఎత్తి, ఎవరినో శాంతించమన్నట్లు ఊపి, మరల మొదటినుండి ఎత్తుకొన్నారు. అక్కడ ఆ రాత్రి వన్స్ మోర్ పడిందని మాకు అర్థమైంది. ఆయన పాడుతున్నది ఒక్క పద్యాన్ని కాదు. నటుని, జనాన్ని, ఆ వానను కలిపి పాడుతున్నారు. మేము చెరిపివేశామనుకొన్న క్యాసెట్టు ఇన్నేళ్లుగా మా ఇంట్లోనే నడుస్తూ ఉన్నది, మేమెన్నడూ అడగలేదు.

మా చేయి అలవాటుగా ఫోను మీదికి పోయింది. మీట నొక్కబోతుండగా ఆయన కండ్లు తెరిచి చూచారు.

"దాన్ని ప్రక్కన పెట్టు బేటా. ముందు విను" అన్నారు.

ప్రక్కన పెట్టాము. ఆ రాత్రి ఆయన నాలుగు పద్యాలు చెప్పారు. ఒకదానికి రెండుసార్లు వన్స్ మోర్ పడింది. వాటిలో ఒక్కటి కూడ మా సేకరణలో లేదు. ఒక్కటి మాత్రం మాకు కంఠస్థమైంది. మా శ్రీతి తప్పినా మాట తప్పకుండా చెప్పగలము. మా నాన్నగారు వినిపించుకొని, రెండు చోట్ల దిద్దారు.

సేకరణ వ్యర్థమని మేము చెప్పడం లేదు. కరపత్రం లేకపోతే ఆ హార్మోనిస్టు ఇంటికి దారి తెలిసేది కాదు. ఆ క్యాసెట్టు దొరకకపోతే వాన సంగతి బయటికి వచ్చేది కాదు. ఉర్దూలో యాద్‌గార్ అనే చక్కని మాట ఉంది. జ్ఞాపకాన్ని నిలిపేది అని అర్థం. కాగితం జ్ఞాపకాన్ని లేపగలదు. లేచినదాన్ని వినడానికి మాత్రం ఒక మనిషి ఎదుట కూర్చోవాలి. ఈ చిన్న సంగతి గ్రహించడానికి మాకు పదిహేడేళ్లు, ఒక పెట్టె నిండా కాగితాలు పట్టినవి.

పెట్టెలోని వస్తువులకు మేము వరుస సంఖ్యలు వేశాము. మొదటి సంఖ్య ఆ సినిమా పాటల క్యాసెట్టుది. దాని వీపున రేకులు రెండూ ఇప్పుడు విరిచి ఉంచాము.

విద్యార్థినీ విద్యార్థులారా, మీ ఇండ్లలో ఇటువంటి కరపత్రం ఏదైనా ఉన్న యెడల మా శాఖకు తెచ్చి చూపండి; ఫొటో తీసికొని భద్రంగా తిరిగి ఇస్తాము. అయితే మా దగ్గరికి తెచ్చేముందు దాన్ని మీ ఇంటి పెద్దవారి చేతిలో పెట్టండి. వారు చదివి ఏదో ఒకటి చెప్పనారంభిస్తారు. బస్సు వేళయిందని మాత్రం లేవకండి.